ఎవరెవరో మార్చిన పాత ట్యూబ్ గిటార్ ఆంప్: లోపం పట్టుకోవడం, సరిచేయడం

1960ల నాటి ఆంప్ విప్పితే లోపల కంపెనీ గీసిన సర్క్యూటే ఉంటుందని అనుకోకండి. ఒకరు మాస్టర్ వాల్యూమ్ పెట్టి ఉంటారు, ఇంకొకరు రెక్టిఫైయర్ ట్యూబ్ (ఏసీని డీసీగా మార్చేది) పీకేసి డయోడ్లు వేసి ఉంటారు, మరొకరు రెవర్బ్ ట్యూబ్‌ని అదనపు గెయిన్ (సిగ్నల్ పెంపు) కోసం వాడేసుకుని ఉంటారు. ఒరిజినల్ స్కీమాటిక్‌ని (సర్క్యూట్ పటాన్ని) నమ్ముకుని వెతికితే రోజులు గడిచిపోతాయి. ముందు ఫోటోలు తీయండి, లోపల నిజంగా ఏముందో కాగితం మీద గీయండి, ఒరిజినల్‌తో తేడా ఉన్న ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టండి. చాలాసార్లు లోపం ఆ ఎర్ర గుర్తుల దగ్గరే దొరుకుతుంది.

చెయ్యి పెట్టే ముందు ఒక మాట. ప్లగ్ తీసేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం తీస్తుంది. 22 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌తో ప్రతి కెపాసిటర్‌నీ చాసిస్‌కి (ఆంప్ లోహపు చట్రానికి) డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి సున్నాకి వచ్చిందని చూసుకున్నాకే తాకండి. రెండు వైర్ల పాత కార్డ్ ఉంటే మూడు వైర్లది వేసి, ఎర్త్‌ని చాసిస్‌కి గట్టిగా బిగించి, మెయిన్స్ నుంచి చాసిస్‌కి ఉన్న ఆ చిన్న కెపాసిటర్‌ని పీకేయండి. స్పీకర్ గానీ డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు పెట్టే పెద్ద రెసిస్టర్) గానీ తగిలించకుండా ఆంప్ ఆన్ చేయొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ఫ్యూజ్ మాటిమాటికీ కాలిపోతోంది

పెద్ద ఫ్యూజ్ మాత్రం వేయకండి, ఈసారి కాలేది ట్రాన్స్‌ఫార్మరే. 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును మెయిన్స్‌కి సిరీస్‌లో పెట్టి, ట్యూబ్‌లన్నీ తీసేసి ఆన్ చేయండి. బల్బు ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఫిల్టర్ కెపాసిటర్లలో ఏదో షార్ట్ అయింది. రెక్టిఫైయర్ ట్యూబ్ పెట్టాకే వెలిగితే ఆ ట్యూబ్‌నీ ఫిల్టర్ కెపాసిటర్లనీ అనుమానించండి. పవర్ ట్యూబ్‌లు పెట్టాకే వెలిగితే కింది సంగతి చదవండి.

పవర్ ట్యూబ్ ప్లేట్లు ఎర్రగా కాలుతున్నాయి

వెంటనే ఆపేయండి. ట్యూబ్ మీద నింద వేసి కొత్తది కొనడం అందరూ చేసే పొరపాటు, కొత్తదీ అలాగే కాలుతుంది. పవర్ ట్యూబ్‌లు తీసేసి, మిగతావి ఉంచి, స్టాండ్‌బై నుంచి మామూలు స్థితికి మార్చి, సాకెట్ 5వ పిన్ దగ్గర వోల్టేజ్ చూడండి (6వి6, 6ఎల్6, ఈఎల్34 అన్నింటికీ గ్రిడ్ అక్కడే). ఫిక్స్‌డ్ బయాస్ ఆంప్‌లో (ట్యూబ్ కరెంట్‌ని అదుపు చేసే వోల్టేజ్, అంటే బయాస్, విడి సప్లై నుంచి వచ్చేదానిలో) అక్కడ మైనస్ వోల్టేజ్ రావాలి, 6వి6 ఆంప్‌లలో సుమారు మైనస్ 35 ఉంటుంది. ఒక సాకెట్‌లో మాత్రమే అది సున్నా వైపు జరిగి ఉంటే దానికి వచ్చే కప్లింగ్ కెపాసిటర్ (ముందు స్టేజ్ నుంచి డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రం పంపేది) లీక్ అవుతోందన్నమాట, మార్చేయండి. రెండింటిలోనూ అలాగే ఉంటే బయాస్ సప్లైలోని కెపాసిటర్‌ని చూడండి. ఇక్కడ ప్లస్ వైపు గ్రౌండ్‌కి రావాలి. అలవాటు కొద్దీ తిరగేసి టంకం పెట్టేసిన ఆంప్‌లు నేను చూశాను.

బయాస్ బాగానే ఉన్నా ఎర్రబడితే డయోడ్ల మార్పును గుర్తు తెచ్చుకోండి. 5వై3 లాంటి ట్యూబ్ తనలోనే 50 వోల్టుల వరకు తినేస్తుంది. దాని చోట డయోడ్లు వేస్తే ఆ వోల్టేజంతా ప్లేట్ల మీదికి వస్తుంది, కెపాసిటర్ల రేటింగూ దాటొచ్చు. ట్యూబ్‌ని తిరిగి పెట్టడమే నాకు నచ్చే పరిష్కారం. డయోడ్లే ఉంచాలనుకుంటే క్యాథోడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1 ఓమ్ రెసిస్టర్ వేసి బయాస్ మళ్లీ సెట్ చేయండి: ప్లేట్ గరిష్ఠంగా 12 వాట్లు తట్టుకునే 6వి6కి అందులో 70 శాతం అంటే 8.4 వాట్లు, ప్లేట్ మీద 420 వోల్టులుంటే 20 మిల్లీ ఆంపియర్లు, అంటే మీటర్‌లో 20 మిల్లీవోల్టులు.

హమ్

హమ్ అంటే ఆగకుండా వచ్చే గుయ్యిమనే మోత. వాల్యూమ్ సున్నాకి తిప్పినా తగ్గకపోతే పవర్ సప్లై వైపు చూడండి. మెయిన్స్ కంటే రెట్టింపు పౌనఃపున్యంలో, అంటే 100 లేదా 120 హెర్ట్జ్‌లో గుయ్యిమంటే పాత ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టే, అన్నీ ఒకేసారి మార్చండి. 50 లేదా 60 హెర్ట్జ్‌లో ఉంటే హీటర్ వైర్లు (ట్యూబ్‌లను వేడి చేసే ఏసీ వైర్లు), లేదంటే మార్పులు చేసినవాళ్లు ఎక్కడపడితే అక్కడ కలిపిన గ్రౌండ్లు.

కీచుమని అరుపు, గుబగుబ శబ్దం

అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన ఆంప్ ఆన్ చేయగానే అరిస్తే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ నుంచి కొంత సిగ్నల్‌ని వెనక్కి తెచ్చి గెయిన్ తగ్గించే ఏర్పాటు) తలకిందులైంది. ఫీడ్‌బ్యాక్ వైర్ విప్పితే అరుపు ఆగుతుంది. ప్లేట్లకు వెళ్లే రెండు వైర్లనూ అటూ ఇటూ మార్చి మళ్లీ కలపండి. అదనపు గెయిన్ స్టేజ్ వల్ల అరుస్తుంటే పొడి చెక్క పుల్లతో వైర్లను ఒక్కొక్కటే కదిపి చూడండి, ఎక్కడ శబ్దం మారితే అక్కడే ఉంది సంగతి. ఆ గ్రిడ్ వైర్‌ని పొట్టిగా చేసి షీల్డెడ్ వైర్ వేయండి. మోటార్ పడవలా గుబగుబలాడితే ఆ కొత్త స్టేజ్ పక్క స్టేజ్ కెపాసిటర్ నుంచే కరెంట్ లాగుతోందేమో చూసి, దానికి సొంతంగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 22 మైక్రోఫారడ్ల 500 వోల్టుల కెపాసిటర్ ఇవ్వండి.

నాబ్ తిప్పితే గరగర

స్ప్రే కొట్టినా పోకపోతే పాట్ (నాబ్ వెనకున్న మార్చగలిగే రెసిస్టర్) మీద డీసీ ఉందేమో కొలవండి. ఉంటే దాని ముందున్న కప్లింగ్ కెపాసిటర్ మార్చాలి.

అన్నీ మార్చినా చిటపటలు, వోల్టేజ్‌లు నిలకడగా లేవు

పాత ఫెండర్ కంపెనీ ఆంప్‌ల నల్లటి ఫైబర్ బోర్డు తేమ పీల్చుకుని కరెంట్‌ని పోనిస్తుంది. బోర్డు మీద ఏ పార్టూ లేని ఖాళీ చోట మీటర్ మొన ఆనించి చూడండి. వోల్టులు చూపిస్తే హెయిర్ డ్రయర్‌తో మెల్లగా ఆరబెట్టండి, అప్పటికీ తగ్గకపోతే గ్రిడ్ కనెక్షన్లను బోర్డు నుంచి లేపి గాల్లోనే కలపండి.

ఎర్ర గుర్తులు పెట్టినవాటిలో ఏది తీసేసినా ఒక్కటే తీసి, ఆన్ చేసి, విని, వోల్టేజ్‌లు రాసుకుని తర్వాతిదానికి వెళ్లండి.