నీటి సరఫరా అవసరాల సర్వే – 3వ పాఠం: ఊరి అవసరాన్ని ఫారంలోకి ఎక్కించడం

అమెరికాలో పబ్లిక్ వాటర్ సిస్టమ్ అని దేన్ని అంటారో మొదటి పాఠంలో చూశాం. కనీసం 15 కనెక్షన్లు ఉండాలి, లేదా ఏడాదిలో 60 రోజులైనా 25 మందికి నీళ్లివ్వాలి. సర్వేకు ఊళ్ల శాంపిల్ ఎలా తీస్తారో రెండో పాఠంలో చెప్పుకున్నాం. ఇవాళ అసలు పనిలోకి దిగుదాం. ఒక ఊరికి వెళ్లి, అక్కడి అవసరాలను ఒక్కొక్కటిగా రాసుకురావాలి.

ఈ రాతకు ఎందుకంత విలువో ముందు గుర్తు చేసుకుందాం. సేఫ్ డ్రింకింగ్ వాటర్ యాక్ట్‌కు 1996లో చేసిన సవరణలతో రాష్ట్రాల రివాల్వింగ్ ఫండ్ (తాగునీటి పనులకు అప్పులిచ్చి, తిరిగొచ్చిన డబ్బును మళ్లీ అప్పులకే వాడే నిధి) వచ్చింది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) చేసే ఈ సర్వేలో దేశం మొత్తం అవసరంలో ఏ రాష్ట్రం వాటా ఎంత తేలితే, ఫండ్‌లో దానికి ఆ నిష్పత్తిలోనే డబ్బు అందుతుంది. ఎంత తక్కువ తేలినా 1 శాతం ఖాయం. 1995 నాటి తొలి సర్వేలో 20 ఏళ్ల అవసరం 13,840 కోట్ల డాలర్లుగా తేలింది. 2021లో చేసి 2023 ఏప్రిల్‌లో విడుదల చేసిన ఏడో సర్వేలో అది 62,500 కోట్లకు చేరింది. ఈ మధ్యలో ధరలు పెరిగాయి కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి నాలుగున్నర రెట్లు అనకండి. ఏ అంకె ఏ ఏడాది డాలర్లలో ఉందో చూడటం ఈ పనిలో మొదటి అలవాటు కావాలి.

ఇక ఊళ్లోకి వెళ్దాం. ఆపరేటర్‌ని కలవగానే "మీకేం కావాలి?" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఆయన ఈ ఏడాది తనను విసిగిస్తున్న పంపు గురించే చెబుతారు. మనకు కావలసింది 20 ఏళ్ల లెక్క. అందుకే నీళ్లు నడిచే దారిలోనే మీరూ నడవండి. బోరు దగ్గర మొదలుపెట్టి శుద్ధి, పంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధి పైపులు, ఇంటి కనెక్షన్ దాకా వెళ్లండి. ప్రతిచోటా మూడే ప్రశ్నలు అడగండి: ఇది ఎప్పుడు పెట్టారు? ఇప్పటిదాకా ఏమేం బాగుచేశారు? వచ్చే 20 ఏళ్లూ ఇలాగే పనిచేస్తుందా? మూడో ప్రశ్న దగ్గర చాలామంది కాసేపు ఆగుతారు. ఆగనివ్వండి. ఆ తర్వాత చెప్పేదే మీకు కావలసిన సమాధానం.

పైపుల దగ్గర ఎక్కువ సేపు గడపండి. ఏడో సర్వే మొత్తంలో దాదాపు మూడింట రెండు వంతులు పైపులదే. పైగా భూమిలో ఉన్నది కంటికి కనపడదు కాబట్టి తేలిగ్గా తప్పిపోతుంది కూడా. ట్యాంకు తుప్పు పడితే ఊరంతా చూస్తుంది. మట్టి కింద ఉన్న కాస్ట్ ఐరన్ పైపు సంగతి పాత మ్యాపుకూ, పగిలినప్పుడల్లా తవ్విన మనిషికీ మాత్రమే తెలుసు.

రాసుకున్నదంతా లెక్కకు రాదు. డ్యాములు, శుద్ధి చేయని నీటి రిజర్వాయర్లు రావు. రోజువారీ నిర్వహణ రాదు. ప్రధానంగా మంటలార్పడం కోసం చేసే పని రాదు. రాబోయే కాలనీల కోసమే వేసే లైను రాదు. చిక్కంతా మధ్యలో ఉన్నవాటితోనే. 4 అంగుళాల పైపు తీసి 8 అంగుళాలది వేయాలంటున్నారనుకుందాం. ఊరి చివర కట్టబోయే ఇళ్ల కోసమైతే వదిలేయండి. ఇప్పుడున్న ఇళ్లకే ప్రెషర్ అందడం లేదంటే తప్పకుండా రాయండి. ప్రెషర్ పడిపోతే పగుళ్లలోంచి బయటి మురికి నీరు పైపులోకి వస్తుంది. కాబట్టి అది ప్రజారోగ్యం సంగతి. పని ఒకటే అయినా కారణం వేరు. కారణం అనే గడిని ఆఖర్లో హడావిడిగా నింపకండి.

ఈ సర్వేలో నన్ను ఎక్కువగా బాధించేది ఆధారాల గడి. కాగితం లేని అవసరాన్ని సర్వే ఒప్పుకోదు. పెద్ద నగరానికి మాస్టర్ ప్లాన్, పెట్టుబడి ప్రణాళిక, ఇంజినీర్ల రిపోర్టు అన్నీ ఉంటాయి. చిన్న ఊరికి ఒక ఆపరేటరూ, ఆయన జ్ఞాపకమూ ఉంటాయి. నీళ్ల కష్టం ఎక్కువున్న చోటే కాగితం తక్కువ. అందుకే చిన్న ఊళ్లో సర్వే చేసేవాళ్ల నైపుణ్యమంతా ఆ జ్ఞాపకానికి రుజువు వెతకడంలోనే ఉంది. రాష్ట్ర అధికారులు చేసిన శానిటరీ సర్వే, అంటే నీటి వ్యవస్థ తనిఖీ నివేదిక, అడగండి. నీటి పరీక్షల ఫలితాలు, పైపు పగిలినప్పుడు రాసిన వర్క్ ఆర్డర్లు, ట్యాంకు తనిఖీ ఫొటోలు అడగండి. లేవన్న బీరువాలోనే కొన్నిసార్లు దొరుకుతాయి.

ఖర్చు విషయం. మన గ్రామీణ నీటి సరఫరా శాఖలో పనిచేసి వచ్చినవాళ్ల చెయ్యి వెంటనే రేట్ల పుస్తకం వైపు వెళ్తుంది. ఇక్కడ ఆగాలి. ఇంజినీరు వేసిన ఎస్టిమేట్ ఉంటే, అది వేసిన తేదీతో సహా రాయండి. లేకపోతే మీరే ఒక మొత్తం ఊహించి రాయొద్దు. పైపు ఎన్ని అంగుళాలు, ఎన్ని అడుగులు, ట్యాంకు ఎన్ని గ్యాలన్లు అన్నవి సరిగ్గా ఇస్తే చాలు, ఖర్చును ఈపీఏ తన మోడళ్లతో లెక్కగడుతుంది.

ఒక పైపు వదిలేస్తే ఏమవుతుందో చూడండి. లక్షకు పైగా జనానికి నీళ్లిచ్చే సిస్టమ్‌లన్నింటినీ సర్వే చేస్తారు. 3,301 నుంచి లక్ష దాకా ఉన్నవాటిలో శాంపిలే. ఒక కోవలో 200 ఊళ్లుండి 40 శాంపిల్‌కు వచ్చాయనుకుందాం. అప్పుడు మీ ఊరు మరో నాలుగు ఊళ్ల తరఫున కూడా మాట్లాడుతోంది. మీరు వదిలేసిన 10 లక్షల డాలర్ల పని రాష్ట్రం అంచనాలో 50 లక్షలు తగ్గిస్తుంది. రెండుసార్లు రాసినా అంతే తప్పు, ఈసారి పైకి. మాస్టర్ ప్లాన్‌లోని "డౌన్‌టౌన్ పైపులు", శానిటరీ సర్వేలోని "మెయిన్ స్ట్రీట్ పైపు" ఒకటేనేమో మ్యాపు మీద వేలు పెట్టి చూడండి.

సీసం కనెక్షన్ల (వీధి పైపు నుంచి ఇంటికి నీళ్లు తెచ్చే సీసపు పైపుల) సంఖ్యను తొలిసారి అడిగింది ఏడో సర్వేలోనే. అప్పట్లో దేశమంతా కలిపి 92 లక్షలు ఉంటాయని అంచనా వేశారు. 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టం వీటి మార్పిడికి 1,500 కోట్ల డాలర్లు కేటాయించింది. 2023లో ఆ డబ్బు పంపకానికి ఈ అంచనానే వాడారు. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోండి: పైపు దేనితో చేసిందో తెలియకపోతే "తెలియదు" అనే రాయాలి. దాన్ని "సీసం లేదు" కింద వేస్తే ఆ ఇంట్లో పిల్లలు తాగే నీళ్ల సంగతి మళ్లీ ఎవరూ అడగరు.

అభ్యాసం. 9,000 జనాభా, రెండు బోర్లు, 1958 నాటి ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఒక ఊరు ఊహించుకోండి. ఆపరేటర్ నాలుగు మాటలు చెప్పారు: ట్యాంకు అడుగున లీకు, తనిఖీ ఫొటోలున్నాయి; స్కూలు వీధిలో 2,600 అడుగుల 4 అంగుళాల పైపు తరచూ పగులుతోంది, వర్క్ ఆర్డర్లున్నాయి; హైవే పక్కన రాబోయే గోడౌన్లకు కొత్త లైను కావాలి; రెండో బోరులో ఆర్సెనిక్ పరిమితి దాటిందని విన్నారు, కాగితం లేదు. ఒక్కోదానికి కారణం, ఆధారం, కొలతలు రాయండి. నాలుగోదానికి ఎవరిని ఏం అడుగుతారో కూడా రాయండి. 4వ పాఠాన్ని ఆ బోరుతోనే మొదలుపెడదాం.