ఉప్పునీటి అక్వేరియం – ఆరో పాఠం: ఎనిమోనీ ఇంటికొచ్చే రోజు

ఎనిమోనీ అంటే రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే సముద్రపు జంతువు. దాన్ని తెచ్చుకునే ముందు నోటుపుస్తకం తీయండి. ఐదో పాఠం చివర ఇచ్చిన ఇంటిపని గుర్తుందిగా: 30 రోజుల పాటు పొద్దున 6కి, మధ్యాహ్నం 3కి, రాత్రి 10కి ట్యాంకు నీటి ఉష్ణోగ్రత, రోజుకోసారి ఉప్పదనం రాసి పెట్టమన్నాను. పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా 2 డిగ్రీలు దాటిన రోజులు నాలుగైదు కంటే ఎక్కువ కనబడితే ఈ పాఠం చదువుకోండి గానీ ఎనిమోనీ మాత్రం కొనకండి. ట్యాంకు పెట్టి ఆరు నెలలు నిండనివాళ్లకీ ఇదే మాట. నిష్ఠూరమైనా ముందే చెప్పేస్తున్నా.

చేపకి నీళ్లు పడకపోతే మూలకి పోతుంది, తిండి మానేస్తుంది, మనకి రెండు రోజుల గడువిస్తుంది. ఎనిమోనీకి పొలుసు లేదు, ఎముక లేదు. ఒళ్లంతా ఒక నీటి సంచి. దానికున్న గుమ్మం నోరొక్కటే, తినడమూ అక్కడే, విసర్జించడమూ అక్కడే. అది ఉబ్బి నిలబడేది మీ ట్యాంకులో నీళ్లు లోపల నింపుకునే. ఇక దాని కణజాలంలో జూక్సాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. వెలుగు తగిలితే అవి తయారుచేసే చక్కెరలే దీనికి అసలు తిండి. ఆ గోధుమ రంగు కూడా వాటిదే. నీటి వేడి 30 దాటి అలాగే నిలిచిపోతే ఆ శైవలాలను బయటికి గెంటేసి తెల్లబడిపోతుంది. అందుకే షాపులో పాలలా తెల్లగా మెరిసేదాన్ని చూసి ముచ్చటపడి కొనకండి. అది పస్తులున్న ప్రాణి. పచ్చగానో పసుపుగానో మరీ కొట్టొచ్చినట్టుంటే రంగు వేసినదేమో అనుమానించండి.

మనకి కావలసింది బబుల్ టిప్ అనే రకం. శాస్త్రం పేరు ఎంటక్మేయా క్వాడ్రికలర్. నోటి చుట్టూ వేళ్లలా ఊగే స్పర్శకాల చివర చిన్న బుడగలుంటాయి కాబట్టి ఆ పేరు. బుడగలు లేకుండా సన్నగా సాగినా జబ్బేమీ కాదు. కార్పెట్ ఎనిమోనీ చూడ్డానికి ఎంత బాగున్నా మొదటిసారికి వద్దు. దానికి ఇసుక లోతు కావాలి, పెద్ద ట్యాంకు కావాలి, దగ్గరికొచ్చిన చేపనీ మింగుతుంది.

ఇక నీళ్ల సంగతి. విజయనగరంలో ఉండే మా మేనల్లుడు ఈ పాఠాలతో పాటే ట్యాంకు పెట్టాడు. మొన్న ఫోన్ చేసి, “మావయ్యా, భోగాపురం వెళ్తే గంటలో సముద్రం. డబ్బులెట్టి ఉప్పు కొనడమేటి? రెండు క్యాన్లు ముంచుకొచ్చేస్తే పోలేదా?” అన్నాడు.

వాడి ప్రశ్నలో తప్పు లేదు. ఏప్రిల్‌లో అయితే ఆ నీటి ఉప్పదనం పనికొచ్చేలాగే ఉండొచ్చు. అక్టోబరులో ముంచితే? వానలు తగ్గే వేళకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది మోసుకొచ్చిన మంచినీళ్లు బంగాళాఖాతంలో పైపొరగా పరుచుకుంటాయి. ఆ రోజుల్లో తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే మనవైపే. దానికి తోడు కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి ఉండనే ఉన్నాయి. లీటరుకు 35 గ్రాములుండాల్సిన ఉప్పు 30 కిందికి పడిపోవచ్చు. ఇవాళ ఒక సముద్రం, ఆర్నెల్లకి ఇంకో సముద్రం అన్నమాట. బయట ఎనిమోనీ ఉండేది నదీముఖాల్లో కాదు, పగడపు దిబ్బల మీద. అక్కడ నీళ్లు ఏడాదంతా ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. అందుకే కొన్న ఉప్పు.

“పోనీ నౌపడ మడుల్లో పండే ఉప్పు?” అన్నాడు వెంటనే. తెలివైన గుంటడు. అదీ సముద్రపు నీరే కదా అని వాడి వాదన. కాదు. మడిలో నీరు ఆవిరవుతుంటే కాల్షియం లవణాలు ముందే అడుగున దిగిపోతాయి, తర్వాత సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది, మెగ్నీషియం, పొటాషియం చివర మిగిలిన చేదునీటిలో ఉండిపోతాయి. కూరలోకి ఆ వేరుచేయడమే మంచిది. ట్యాంకులోకి అదే చేటు. రీఫ్ సాల్ట్ అని అమ్మే ప్యాకెట్‌లో ఇవన్నీ పాళ్లలో కలిపి ఉంటాయి. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు, అంటే 20 లీటర్ల క్యాన్‌కి ముప్పాతిక కిలో దగ్గర్లో. కలిపి, చిన్న పంపు పెట్టి, ఒక రాత్రి తిరగనిచ్చి అప్పుడు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవండి. రిఫ్రాక్టోమీటర్‌లో ఉప్పదనం 35 లేదా సాంద్రత 1.026 రావాలి. ఆ రిఫ్రాక్టోమీటర్‌ని ఉప్పదనం 35 ఉన్న ద్రావణంతోనే సరిచూసుకోండి. మంచినీటితో సున్నా సరిచూస్తే, మనకి కావలసిన చోట తప్పు చూపించొచ్చు.

కలిపే నీళ్లు వీధి చివర ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాన్‌వి కాకూడదు. మా వీధి క్యాన్ నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచితే 60 చూపించింది. మనం తాగడానికి బానే ఉంటాయి. ట్యాంకుకి సున్నా కావాలి, అంటే ఆర్వో ఫిల్టరు తర్వాత, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ కూడా ఉండాలి.

ఎండాకాలం మన దగ్గర అసలు పరీక్ష. ఎనిమోనీకి 24 నుంచి 27 డిగ్రీలు హాయి. నీటి మీదికి ఫ్యాన్ తిప్పితే ఆవిరై చల్లబడుతుంది గానీ, శ్రీకాకుళంలో మే, జూన్ ఉక్కపోత మీకు తెలిసిందే. చెమటే ఆరని రోజున ట్యాంకు నీళ్లేం ఆరతాయి? ఫ్యాన్‌తో గట్టెక్కుతారో లేదో మీ నోటుపుస్తకమే చెబుతుంది. గట్టెక్కకపోతే ఏసీ గదిలో పెట్టడమో, నీటిని చల్లబరిచే చిల్లర్ కొనడమో, ఎనిమోనీ మానుకోవడమో మూడే దార్లు. నేను మొదటిదే పట్టాను. మా ఇంట్లో అందరూ ఏసీ గదిలో పడుకునేది దాని పుణ్యమే.

ఆవిరితో ఇంకో తిరకాసుంది. పోయేది నీళ్లే, ఉప్పు పోదు. 100 లీటర్ల ట్యాంకులో రోజుకు 3 లీటర్లు ఆవిరైతే, మూడు రోజులు ఊరెళ్లొచ్చేసరికి 91 లీటర్లే ఉంటాయి, ఉప్పదనం 35 కాస్తా 38న్నర దగ్గరుంటుంది. తగ్గినదాన్ని రోజూ మంచినీటితోనే నింపాలి. ఉప్పునీళ్లతో నింపినవాళ్లు ఉన్నారు, అందుకే చెబుతున్నా. గాజు మీద బయటవైపు స్కెచ్ పెన్నుతో గీత గీసుకోండి, ఆ గీత దాకా పోయండి.

కరెంటు గురించి కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ట్యాంకులో ఎనిమోనీ లేదు, ఎనిమోనీల్లో కాపురముండే రెండు క్లౌన్‌ఫిష్‌లే. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లూ లైట్లూ అన్నీ వేసుకుని సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ చేసేశాం. రాత్రంతా అరగంటకోసారి లేచి, చెంబుతో నీళ్లు ముంచి జానెడు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంకులోకే పోశాను, గాలి కలవాలని. అప్పుడు నేర్చుకున్న లెక్క ఇది: 150 ఆంపియర్ గంటల, 12 వోల్టుల బ్యాటరీలో 1800 వాట్ గంటలు. సగమే వాడదాం, 900. 10 వాట్ల పంపు ఒక్కటే ఉంచి, ఇన్వర్టర్ తనకోసం తినేది ఇంకో 20 అనుకున్నా 30 గంటలు వస్తుంది. లైటు రెండు రోజులు లేకపోయినా ఎనిమోనీ చావదు. నీళ్లు కదలకపోతే చస్తుంది. తుఫాను హెచ్చరిక రాగానే ఇంట్లోవాళ్లతో ఈ ఒప్పందం ముందే చేసుకోండి.

ఇక కొనడం. విశాఖలో ఎంచుకుంటే మంచిది, కళ్లతో చూడొచ్చు. మూడు సంగతులు చూడండి. నోరు మూసుకుని బిగుతుగా ఉండాలి. నోరు తెరుచుకుని లోపలి పేగులాంటిది బయటికి వేలాడుతుంటే వదిలేయండి. పాదం, అంటే రాతికి అంటుకునే అడుగుభాగం, చిరిగి ఉండకూడదు. మూడోది, షాపతన్ని ఒక రొయ్యముక్క తగిలించి చూపించమనండి. స్పర్శకాల్లో ఉండే దంశకణాలు, అంటే కుట్టే కణాలు, దాన్ని పట్టేసి అంటుకుంటాయి. ముక్క జారిపోతే మీరూ జారుకోండి.

నేను రైల్లో తెచ్చాను. థర్మాకోల్ పెట్టెలో ఆక్సిజన్ నింపిన కవరు, ఒళ్లో పెట్టుకుని ఆముదాలవలసలో దిగడం. పక్క సీటు పెద్దాయన “ఐస్‌క్రీమా బాబూ?” అని రెండుసార్లు అడిగారు.

ఇంటికొచ్చాక కవరు మూతి విప్పకుండా 20 నిమిషాలు ట్యాంకు నీటిలో తేలనివ్వండి. తర్వాత కవరులో నీళ్లతో సహా శుభ్రమైన బకెట్‌లో దింపి, ట్యాంకు నుంచి బకెట్‌లోకి వేసిన సన్నటి ఎయిర్ ట్యూబ్‌కి ముడివేసి, ట్యాంకు నీళ్లు సెకనుకి రెండు మూడు చుక్కలు పడేలా చూడండి. బకెట్‌లో నీళ్లు మూడింతలయ్యేదాకా. ఇది రెండు మూడు గంటల ప్రయాణానికే. చెన్నై నుంచి రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన కవరైతే ఇంత సావకాశం పనికిరాదు. మూసిన కవరులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని నీరు ఆమ్లగుణంలో ఉన్నంతసేపు అమ్మోనియా అమ్మోనియంగా పడుండి అంత హాని చేయదు. మూతి విప్పగానే ఆ వాయువు పోయి, అమ్మోనియం మళ్లీ విషపు అమ్మోనియాగా మారుతుంది. అలాంటప్పుడు షాపు నీటి ఉప్పదనం ముందే తెలుసుకుని, బకెట్‌లో దానికి సరిపోయే నీళ్లు తయారుగా పెట్టుకుని, విప్పిన వెంటనే అందులోకి మార్చి, ఆ తర్వాత చుక్కలు పెట్టుకోండి. ఏదైనా సరే, కవరు నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

చేతులు సబ్బు లేకుండా కడుక్కుని, పంపులన్నీ ఆపి, రాళ్లలో ఒక కంత చూసి పాదం అందులోకి ఉండేలా నిలబెట్టండి. బబుల్ టిప్‌కి పాదం దాచుకోవడం ఇష్టం. అంటుకునేదాకా అరగంటో గంటో పంపులు వేయకండి. లైటు మొదటి వారం సగం వెలుగుతో, రోజుకు 8 గంటలు చాలు.

మీరు పెట్టిన చోట అది ఉండదు. నడుస్తుంది, పాదంతో పాకుతూ, తనకి నచ్చిన వెలుగూ నీటి వాలూ వెతుక్కుంటూ. మళ్లీ తెచ్చి మొదటి చోట పెట్టకండి. లాగితే పాదం చిరుగుతుంది, చిరిగితే కుళ్లుతుంది. దాని మానాన దాన్ని వదిలేయండి. ఒక్క షరతు: ఇంటికి తేకముందే ప్రతి పంపు నోటికీ స్పాంజో జాలీయో కట్టి ఉండాలి.

నా మొదటి ఎనిమోనీ పోయింది నీళ్లు బాలేక కాదు. స్పాంజ్ కడితే నీటి ఉరవడి తగ్గుతుందని నేనే కట్టలేదు. నాలుగో రాత్రి అది నడిచింది. పొద్దున లేచేసరికి ట్యాంకు బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. పంపు మూతి చుట్టూ ఊదారంగు పీచులు, బుడగ బుడగగా. పొట్టు తీసిన రొయ్యల తలలు రాత్రంతా చెత్తబుట్టలో ఉంటే వచ్చే వాసన. చిరిగిన ఎనిమోనీ ట్యాంకంతా అమ్మోనియా చేసేస్తుంది. అప్పటికప్పుడు పీచులన్నీ వలతో తీసి, సగం నీళ్లు మార్చి, మలినాలు పీల్చే కార్బన్ సంచి వేసి, సాయంత్రం ఇంకోసారి మార్చితే క్లౌన్‌ఫిష్‌లు మిగిలాయి. అందుకే ఎప్పుడూ 40 లీటర్ల ఉప్పునీళ్లు కలిపి ఉంచుకోమని మూడో పాఠంలో మొత్తుకున్నది.

తిండి మొదటి వారం ఏమీ వద్దు. తర్వాత వారానికోసారి ఒక్క పచ్చి రొయ్యముక్క, బఠాణీగింజంత. సముద్రపు రొయ్యైతే మంచిది. నాకు చేపలు తెచ్చే ఆమెని ఒక్క రొయ్య ఇమ్మంటే, “ఒక్కటేటి బాబూ, పిల్లికా?” అంది.

“పిల్లికి కాదమ్మా, ఇంట్లో సముద్రపు పువ్వొకటుంది, దానికి.”

“పువ్వు రొయ్య తింటాదేటి!” అని నవ్వి, డబ్బులు తీసుకోలేదు. ఇప్పటికీ అడుగుతుంది, “పువ్వు బాగుందా?” అని.

ఆ ముక్కని పొడవాటి పటకారుతో స్పర్శకాలకి ఆనించి, అది ముడుచుకునేదాకా పంపు ఆపండి. క్లౌన్‌ఫిష్ లాక్కుపోకుండా దానికి ముందే మేత వేయండి. మర్నాడు ఉమ్మేస్తే ముక్క పెద్దదైనట్టు. క్లౌన్‌ఫిష్ ఎనిమోనీలో దూరకపోయినా బెంగ వద్దు. మన ఆసెల్లారిస్ జాతికి సముద్రంలో బబుల్ టిప్ సహజమైన ఇల్లు కాదు. ట్యాంకులో చాలాసార్లు ఒప్పుకుంటుంది, కొన్నిసార్లు ఒప్పుకోదు.

చివరిగా, ఫోన్లు వచ్చే సంగతి. ఒక పూట అది ఖాళీ బెలూన్‌లా ముడుచుకుపోయి, నోట్లోంచి గోధుమరంగు దారాలు వదులుతుంది. చచ్చిపోలేదు, కడుపు ఖాళీ చేసుకుంటోంది. సాయంత్రానికి మళ్లీ ఉబ్బుతుంది. రెండు రోజులైనా ఉబ్బకుండా, నోరు తెరిచే ఉండి, ముట్టుకుంటే ఒళ్లు జిగురులా ఊడొస్తే, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. పోయినదాని వాసన మీకెవరూ చెప్పక్కర్లేదు. వెంటనే తీసేయండి. ఏ కారణానికైనా రాగి ఉన్న చేపల మందు మాత్రం ఆ ట్యాంకులో వేయొద్దు. చేప బతుకుతుందేమో గానీ ఇది బతకదు.

ఇంటిపని: పాత గడుల పక్కన ఇంకో గడి గీయండి. రోజూ రాత్రి లైటు ఆరే ముందు ఎనిమోనీ ఎక్కడుందో అందులో చిన్న బొమ్మ గీయాలి. వరసగా 15 రోజులు ఒకే చోట ఉంటే ఏడో పాఠానికి రండి, అది తనంతట తాను రెండుగా చీలినప్పుడు ఏం చేయాలో చూద్దాం. మా మేనల్లుడిది తొమ్మిదో రోజున వెనక గాజెక్కి కూర్చుంది, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాడు.