రేణువులు, ప్రవాహం – నాలుగో పాఠం: పది చుక్కల లెక్క

పోయిన పాఠంలో, నూనెలో కలిపిన కార్న్‌ఫ్లోర్‌కు "కొంచెం నీళ్లు కలపండి", గట్టిపడుతుంది అని రాశాను. తప్పు నాదే. వంటింట్లో కొంచెం అంటే ఒక్కో చేతికి ఒక్కో లెక్క. ఒకరు చెంచాడు పోశారు, ఇంకొకరు చెయ్యి తడిపి విదిలించారు. చాలామందికి చివరికి మిగిలింది గిన్నె అడుగున చపాతీ పిండిలాంటి ముద్ద, దాని పైన తేరిన నూనె. "గట్టిపడుతుందన్నారు, విడిపోయిందేంటి?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న స్పర్శకోణం (ద్రవపు చుక్క అంచు గట్టి వస్తువును తాకే కోణం) పక్కన పెట్టి, గిన్నె దగ్గరికే మళ్లీ వస్తున్నాను.

30 మిల్లీలీటర్ల వేరుశెనగ నూనె, మూడు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్. ఉండల్లేకుండా కలిపితే దోసెల పిండిలా జారుతుంది. మొత్తం సుమారు 45 మిల్లీలీటర్లు. మనం కలపాల్సిన నీరు అందులో ఒక శాతం, అంటే అర మిల్లీలీటరు కూడా లేదు, దాదాపు 10 చుక్కలు. నేను మందుల షాపులో దొరికే సిరంజి, సూది తీసేసి, వాడతాను. రెండు చుక్కలు వేసి ఒక నిమిషం గట్టిగా గిలకొట్టాలి, మళ్లీ రెండు. గిలకొట్టడంలో బద్ధకిస్తే చుక్క చుక్కగానే ఉండి తన చుట్టూ పిండిని ఉండ కడుతుంది. కార్న్‌ఫ్లోర్ కొంత నీటిని తనే పీల్చుకుంటుంది కాబట్టి మీకు ఇంకో పది చుక్కలు పట్టవచ్చు, కంగారుపడకండి. చెంచాతో గీసిన గాడి పూడకుండా నిలబడిందంటే అక్కడితో ఆపేయండి.

జరిగింది ఇదీ. నూనెలో నీరు కలవదు, పిండి రేణువుకు మాత్రం నూనె కంటే నీరే ఇష్టం. కాబట్టి నీటి తునక రెండు రేణువులు తాకే చోట చేరి నడుము సన్నగా ఉన్న చిన్న వంతెన అవుతుంది. ఆ వంతెన రెండింటినీ దగ్గరికి లాగుతుంది. అలాంటివి లక్షల కొద్దీ కలిస్తే గిన్నె నిండా వల. వల తెగేంత తోస్తే తప్ప ఏదీ కదలదు. నీరు ఎక్కువైతే వంతెనలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పిండినంతా ఒకే తడిముద్దగా లాక్కుంటాయి, నూనె బయటపడుతుంది. మీ గిన్నెలో జరిగింది అదే. ప్రయోగం చెడలేదు, మీరు ఒక మజిలీ దాటిపోయారంతే.

2011లో జర్మనీలోని కార్ల్స్‌రూలో ఎరిన్ కూస్, నార్బర్ట్ విల్లెన్‌బాకర్ అనే శాస్త్రవేత్తలు చూపించింది కూడా ఇదే. ఒక శాతం లోపు రెండో ద్రవంతో, జారే అవలంబనం (ద్రవంలో రేణువులు తేలే మిశ్రమం) జెల్‌లా మారింది. రేణువుకు ఆ రెండో ద్రవం అంతగా నచ్చకపోయినా గట్టిపడుతుందన్నది వాళ్లు చూపిన అసలు వింత. అప్పుడు వంతెనలుండవు, చిన్న బిందువు చుట్టూ రేణువులు గుంపు కడతాయి. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఇక నాకు చిరాకు తెప్పించే మాట: "నీళ్లు తగిలి పిండి జిగురైంది, అంతే కదా?" కాదు. అదే పిండిని చన్నీళ్లలో కలపండి, గిన్నె వంచితే పాలలా పారుతుంది. కార్న్‌ఫ్లోర్ జిగురు కావాలంటే 60 డిగ్రీలు దాటి వేడెక్కాలి, మనం పొయ్యి వెలిగించనే లేదు. "పిండి నీళ్లను గుద్దితే గట్టిపడుతుందిగా" అంటారు ఇంకొందరు. అది వేరే కథ, పైగా తలకిందుల కథ. అక్కడ వేగంగా తోస్తే గట్టిపడుతుంది, ఇక్కడ వేగంగా కలిపితే వల తెగి పలచబడుతుంది. అసలు నీళ్లు పీల్చని గాజుపూసల పొడితో చేసినా వల కడుతుంది. గాజు ఎక్కడైనా జిగురవుతుందా? ఇంకా నమ్మకం లేకపోతే గట్టిపడ్డ గిన్నెలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కలపండి. సబ్బు, నూనెకూ నీటికీ మధ్య ఉన్న తలతన్యతను, అంటే వాటి హద్దును బిగించి ఉంచే లాగుడును, దించేస్తుంది, వంతెన పట్టు సడలుతుంది. నిజంగా జిగురైతే సబ్బు చుక్కకు లొంగేది కాదు.

లెక్క ఇష్టపడేవాళ్లకు: బాగా తడిసే, తాకుతూ ఉన్న రెండు సమాన గోళాల మధ్య లాగే బలం 2π × వ్యాసార్ధం × తలతన్యత. పిండి రేణువు వ్యాసార్ధం 7.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), నూనె–నీటి తలతన్యత మీటరుకు 0.025 న్యూటన్లు అనుకుంటే, ఆ బలం రేణువు బరువుకు 40 వేల రెట్ల పైమాటే. రేణువు గరుకుగా ఉంటే తగ్గుతుంది, అయినా చాలా ఎక్కువ. బలం వ్యాసార్ధంతో, బరువు దాని ఘనంతో పెరుగుతాయి. అందుకే అర మిల్లీమీటరు వ్యాసార్ధమున్న రవ్వకు అదే నిష్పత్తి పదికి పడిపోతుంది.

చాక్లెట్ సంగతి రెండు వాక్యాల్లో. కరిగిన చాక్లెట్‌లో చక్కెర, కోకో రేణువులు కోకో వెన్నలో తేలుతుంటాయి. తడి గరిటె పెట్టగానే అది బిర్రబిగుసుకుపోయేది చక్కెర రేణువుల మధ్య కట్టిన నీటి వంతెనల వల్లే.

అభ్యాసం: నాలుగు గిన్నెలు. ఒకటి కార్న్‌ఫ్లోర్, ఒకటి బొంబాయి రవ్వ, ఒకటి ముగ్గుపిండి (తినడానికి కాదు), ఒకటి మళ్లీ కార్న్‌ఫ్లోర్, కాని ఇందులో నీటి బదులు అన్ని చుక్కలు నూనే. ప్రతి రెండు చుక్కలకూ ఒక చెంచాడు పళ్లెంలో వేసి, ఒక నిమిషంలో ఎంత వెడల్పు పాకిందో స్కేలుతో కొలిచి రాసుకుని, దాన్ని తిరిగి గిన్నెలోనే కలిపేయండి. కనీసం 30 చుక్కల దాకా వెళ్లండి, ముద్ద కట్టి నూనె తేరినా సరే. గ్రాఫ్ గీస్తే మొదటి మూడింటికీ మధ్యలో ఒక లోయ కనిపించాలి. రవ్వ గ్రాఫ్‌లో లోయ ఎందుకంత లోతు లేకుండా ఉందో పై లెక్కతో మీరే చెప్పాలి. గట్టిపరిచింది నీరేనా అని తేల్చే నాలుగో గిన్నెను మాత్రం ఎవరూ ఎగ్గొట్టొద్దు. పోయినసారి అందరూ ఎగ్గొట్టింది దాన్నే.