వియన్నాలోని పెద్ద చర్చి స్టెఫాన్స్‌డోమ్: లోపలికి వెళ్లే ముందు జాగ్రత్తలు

- ఆ రోజు ప్రార్థనల వేళలు ముందే చూసుకోండి. పూజ జరిగేటప్పుడు సందర్శకులను మధ్య భాగంలోకి పోనివ్వరు.
- చెప్పులు విప్పక్కర్లేదు. మగవాళ్లు టోపీ మాత్రం తీయాలి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.
- దక్షిణ గోపురానికి లిఫ్ట్ లేదు. 343 మెట్లు, అవీ ఇరుకుగా సుడి తిరిగే మెట్లు. ఎక్కేవారూ దిగేవారూ ఎదురుపడేదీ అక్కడే. వీపు సంచి పెద్దదైతే ఇద్దరూ ఇరుక్కుంటారు. మోకాళ్ల నొప్పులుంటే, తల తిరిగితే ఆ ఊసే వద్దు. ఉత్తర గోపురానికి లిఫ్ట్ ఉంది, 20 టన్నులకు పైబడిన పుమ్మెరిన్ గంటా అక్కడే. మా ఓటు దానికే.
- భూగర్భ సమాధులకు గైడ్‌తోనే వెళ్లాలి; ఎముకల గుట్టలు కనిపిస్తాయి, పిల్లలకు ముందే చెప్పండి.
- చర్చి ముందున్న కూడలిలో పాతకాలపు వేషాలతో కచేరీ టికెట్లు అమ్మేవాళ్లుంటారు. అవి చర్చి టికెట్లు కావు.