తేనెటీగల ఫ్రేములకు తీగ త్వరగా వేయడానికి రెండు బల్లలు

ఇటాలియన్ తేనెటీగల పెద్ద ఫ్రేమ్ (పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క చట్రం) తేనెతో నిండితే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది. అంత బరువుతో ఎండలో లారీ ఎక్కినా, తేనె తీసే యంత్రంలో తిరిగినా కొత్త పట్టు విరగకూడదంటే, పట్టుకు ఆధారంగా ఫ్రేములో పెట్టే మైనపు షీటులో తీగ ఉండాల్సిందే. ఫ్రేములు పదీ ఇరవై అయితే చేత్తో లాగి బిగించుకోవచ్చు. వందల్లో ఉంటే మాత్రం రెండు బల్లలు చేసుకోండి: ఒకటి తీగ బిగించడానికి, ఇంకొకటి కరెంటుతో తీగను మైనంలోకి దింపడానికి. ఈ కొలతలు లాంగ్‌స్ట్రాత్ రకం పెట్టెలో వాడే పెద్ద ఫ్రేముకి, అంటే పక్క పట్టీకి నాలుగు రంధ్రాలుండేదానికి. దేశవాళీ ఈగల పెట్టెలైతే మీ ఫ్రేమ్ కొలిచి మార్చుకోండి.

తీగ బిగించే బల్ల

తీగను ఎంత గట్టిగా లాగినా చెయ్యి వదలగానే కాస్త సడలుతుంది. అందుకే తీగను కాదు, ముందు ఫ్రేమునే నొక్కాలి. పక్క పట్టీలు లోపలికి వంగి ఉన్నప్పుడు తీగ కట్టి, తర్వాత వదిలేస్తే పట్టీలే వెనక్కి వెళ్లి తీగను బిగిస్తాయి.

18 మి.మీ. ప్లైవుడ్ ముక్క, 70 × 45 సెం.మీ. తీసుకోండి. ఫ్రేమును దాని మీద పడుకోబెట్టి, కుడి పక్క పట్టీ మధ్యభాగానికి ఆనేలా 12 మి.మీ. ప్లై ముక్కను స్క్రూలతో బిగించండి. ఎడమవైపు అదే మందం ప్లైతో 6 సెం.మీ. బిళ్ళ కోసి, కేంద్రానికి 5 మి.మీ. పక్కన రంధ్రం పెట్టి బోల్టు మీద కూర్చోబెట్టండి. 15 సెం.మీ. పిడి తగిలించి తిప్పితే బిళ్ళ అంచు పట్టీని నొక్కుతుంది. రెండు పట్టీలూ కలిపి 5 మి.మీ. వంగితే చాలు, అంతకు మించితే కింది పట్టీ అతుకు వదులుతుంది. మూలలు వంగవు కాబట్టి నొక్కుడు రెండో, మూడో రంధ్రాల మధ్యే పడాలి. తీగ 17.5 మి.మీ. ఎత్తులో వెళుతుంది, ఈ ముక్కల ఎత్తు 12 మాత్రమే, అడ్డు రావు. ఫ్రేమ్ పైకి లేవకుండా రెండు తిప్పుడు బిళ్ళలు పెట్టండి.

స్లైడింగ్ కిటికీలకు వాడే గాడి ఉన్న నైలాన్ చక్రాలు మూడు కావాలి. ఎడమవైపు రెండు (1–2, 3–4 రంధ్రాల మధ్య), కుడివైపు ఒకటి (2–3 మధ్య), పట్టీకి 4 సెం.మీ. అవతల, తీగ ఎత్తులోనే. తీగ చుట్ట కుడివైపు బోల్టు మీద ఉంటుంది. దానికి స్ప్రింగు, రెక్కల నట్టు వేసి కాస్త బిగువుగా తిరిగేలా చూడండి. లేకపోతే చుట్ట విప్పారి తీగ మెలికపడుతుంది. మెలికపడ్డ చోటే తర్వాత తెగుతుంది.

పిడి తిప్పి ఫ్రేమును నొక్కండి. మొదటి రంధ్రం నుంచి తీగ ఎక్కించి, చక్రాల చుట్టూ తిప్పుతూ నాలుగో రంధ్రంలోంచి బయటికి తీసి, ఆ రంధ్రం పక్కన సగం దిగిన చిన్న మేకుకు రెండు చుట్లు చుట్టి కొట్టేయండి. ఇప్పుడు చివరి చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కో మడత జారవిడుస్తూ, మిగిలిన తీగను చుట్టకు తిప్పేయండి. మొదటి రంధ్రం దగ్గర రెండో మేకు. పిడి వదలండి. మీటితే ప్రతి వరసా మోగాలి. రంధ్రాలకు ఇత్తడి ఐలెట్లు (రంధ్రంలో కూర్చునే చిన్న రింగులు) వేయకపోతే తీగ కొయ్యను కోసుకుంటూ పోయి కొన్నాళ్లకు సడలుతుంది.

0.4 మి.మీ. తీగ మీటరుకు దాదాపు ఒక గ్రాము. ఫ్రేముకు రెండు మీటర్లు లెక్కేస్తే అరకిలో చుట్ట సుమారు 250 ఫ్రేములకు వస్తుంది.

కరెంటు బల్ల

ఎక్కువమంది తప్పు చేసేది వోల్టుల దగ్గర. తగరం పూత ఇనుప తీగ నిరోధం (కరెంటుకు అడ్డు) ఫ్రేముకు 2 ఓమ్‌ల పైచిలుకు ఉంటుంది; 12 వోల్టులకు 5, 6 ఆంపియర్లు లాగి చక్కగా వేడెక్కుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ 10 ఓమ్‌ల పైనే. దానికి 12 వోల్టులిస్తే ఒక ఆంపియరే పారుతుంది, మైనం కరగదు. 24 వోల్టులు కావాలి. మొదటిదానికి 12 వోల్టుల 10 ఆంపియర్ల సప్లై, రెండోదానికి 24 వోల్టుల 5 ఆంపియర్లది కొనండి. ఇంటి కరెంటును నేరుగా ఎప్పుడూ ఇవ్వకండి, ప్రాణం పోతుంది. స్విచ్ నొక్కినంతసేపే పనిచేసేది, 10 ఆంపియర్లు తట్టుకునేది కావాలి.

షీటు కింద పెట్టే దిమ్మె మందమే ఈ బల్లకు ప్రాణం. పక్క పట్టీ వెడల్పు 35 మి.మీ.లో సగం 17.5, అందులోంచి షీటు మందంలో సగం తీసేయండి. 1.5 మి.మీ. షీటుకు 16.75. 12 మి.మీ. ప్లై, 4 మి.మీ. ప్లై, పైన 0.8 సన్‌మైకా కలిపితే 16.8 వస్తుంది. అప్పుడు ఫ్రేమ్ బల్లకు ఆనేసరికి తీగ షీటు నడిమికి చేరి ఆగుతుంది. దిమ్మె ఎక్కువ మందమైతే తీగ షీటును కోసేస్తుంది, తక్కువైతే పైపైనే అంటుకుంటుంది. పక్క పట్టీ కిందిభాగం సన్నగా ఉంటుంది కాబట్టి ఫ్రేమ్ ఒరగకుండా అక్కడ తేడా కొలిచి బద్ద పెట్టండి.

దిమ్మెకు సబ్బునీళ్లు రాసి షీటు పరిచి, దాని పై అంచును పై పట్టీ గాడిలో దూర్చి ఫ్రేమ్ దించండి. కింది పట్టీకి 3 నుంచి 5 మి.మీ. ఖాళీ వదలాలి, లేకపోతే వేడికి షీటు సాగి వంకర తిరుగుతుంది. రెండు మేకులకూ క్లిప్పులు తగిలించి, ఫ్రేమును మెల్లగా అదిమి స్విచ్ నొక్కండి. మైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అయిదు నుంచి పది సెకన్లలో తీగ దిగడం కనిపిస్తుంది. దిగగానే స్విచ్ వదిలి, మైనం గట్టిపడే వరకు అదిమే ఉంచండి. ముందే ఎత్తితే తీగ ఊడివస్తుంది.

ఒక వరస దిగి ఇంకో వరస దిగకపోతే కరెంటును కాదు, దిమ్మె సమంగా ఉందో లేదో చూడండి. ఏ వరసా వేడెక్కకపోతే మేకుల మీద మైనం గీకి క్లిప్పు మళ్లీ పెట్టండి. చలికాలం పొద్దున షీట్లు పెళుసుగా విరుగుతాయి. కాసేపు ఎండపొడ తగిలాక మొదలుపెట్టండి.