ముసురు పట్టకముందే: పెరోవ్‌స్కైట్ స్ఫటికాలు చేసేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు సగం దాటిందంటే నెల్లూరులో గాలే మారిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు మొదలైతే డిసెంబరు దాకా ముసుర్లే. వాయుగుండం అన్న మాట వినబడితే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రాజెక్టు పిల్లలు సీజియం లెడ్ హాలైడ్ నానో స్ఫటికాలు చేయడానికి దిగుతారు. సీజియం, సీసంతో పాటు హాలైడ్ (క్లోరిన్, బ్రోమిన్ లేదా అయోడిన్ అయాన్) ఉండే పెరోవ్‌స్కైట్ అమరిక లవణం ఇది, కంటికి కనబడనంత చిన్న స్ఫటికాలుగా చేస్తారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

స్ఫటికంలో కొన్ని సీసం అయాన్ల (విద్యుదావేశం ఉన్న పరమాణువుల) చోట మాంగనీస్, జింక్ లాంటి వేరే లోహం అయాన్లు పెట్టి స్థిరత్వం పెంచాం కదా, ఇక తేమ ఏం చేస్తుందిలే అనుకోకండి. సీజియం లెడ్ అయోడైడ్‌నే తీసుకోండి. సీసం, అయోడిన్ కలిసి కట్టిన గూడులో సీజియం వదులుగా ఉంటుంది. అందుకే మనకు కావాల్సిన నల్లటి దశ మామూలు వేడిమి దగ్గర నిలవక పసుపు దశకు జారిపోతుంది. సీసం అయాన్ వ్యాసార్ధం 1.19 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు), మాంగనీస్‌ది 0.83. కొన్ని సీసం అయాన్ల చోట మాంగనీస్ చేరితే గూడు బిగుస్తుంది, సీజియం కుదురుకుంటుంది. అయాన్ల వ్యాసార్ధాలను బట్టి అవి గూడులో ఎంత బాగా ఇముడుతాయో చూసే లెక్క, 1926లో శాస్త్రవేత్త గోల్డ్‌ష్మిట్ చెప్పిన టాలరెన్స్ ఫ్యాక్టర్, ఇదే. కానీ బిగిసింది లోపలి అమరిక. స్ఫటికం ఇప్పటికీ లవణమే, నీళ్లు తగిలితే చెడిపోతుంది.

పైగా మార్పిడికి వాడే లవణాలే తేమను గబగబా లాగేస్తాయి. ఒక నవంబరులో జింక్ బ్రోమైడ్ తూకం వేస్తుంటే ఫోను మోగి పక్కకెళ్లాను. తిరిగొచ్చేసరికి బటర్ పేపర్ మీద పొడి చెమర్చి స్పాచులాకు అంటుకుంటోంది. అందులో జింక్ బ్రోమైడ్ ఎంతో, నీళ్లెంతో తెలియదు. అయినా ఫ్లాస్కులోకి ఎక్కించేశాను. మర్నాడు యూవీ లైటు కింద పెడితే పచ్చగా మెరవాల్సిన సీసా మసకబారి ఉంది, అడుగున మడ్డి. ఇప్పటికీ ఆ తొందరపాటు తలచుకుంటే బాధగానే ఉంటుంది.

కాబట్టి వానలకు ముందే లవణాలను ఒక్కో బ్యాచ్‌కు సరిపడా చిన్న సీసాల్లోకి పొడి గాలిలో పంచేసి, డెసికేటర్‌లో (తేమ చేరకుండా మూత బిగించిన పాత్రలో) పెట్టండి. అందులోని నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ పెట్టాలి. మాంగనీస్ లవణం లేబుల్ మీద టెట్రాహైడ్రేట్ (నాలుగు నీటి అణువులు కలిసినది) అని ఉందేమో చూడండి, మనకు నీళ్లు లేనిదే కావాలి. బ్రోమైడ్ స్ఫటికానికి క్లోరైడ్ లవణం వాడితే క్లోరిన్ కూడా లోపలికెళ్లి వెలుగు నీలం వైపు జరుగుతుంది, అప్పుడు ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చలేరు. సీసం చోట పెట్టే మరో అయాన్ తగరానిది, అది గాలిలో ఇట్టే ఆక్సీకరణ చెందుతుంది. గ్లవ్‌బాక్స్ (గాలి, తేమ చొరబడని పని పెట్టె) లేకపోతే ఈ సీజన్‌లో దాని జోలికి వెళ్లొద్దు.

కరెంటు సంగతికొస్తే, స్ఫటికాలు చేసే నూనెల్లో తేమ పోవడానికి వాటిని 120 డిగ్రీల దగ్గర వ్యాక్యూమ్‌లో ఉంచినప్పుడు పంపు ఆగిందంటే పంపు ఆయిల్, దాని వెనకే గాలి లైనులోకి ఎక్కొచ్చు. టెన్షన్ పడకుండా ముందు పంపు వైపు కుళాయి కట్టేయండి, ఆ తర్వాత నైట్రోజన్ వదలండి, హీటర్ కిందికి దించండి. ఈ వరస లైను పక్కనే గోడ మీద రాసి అంటించండి.

సీజియం ఓలియేట్ (సీజియం, ఓలియిక్ ఆమ్లం కలిసిన లవణం) వేడి ఫ్లాస్కులోకి ఎక్కించిన కొద్ది సెకన్లకే ఫ్లాస్కును ఐసు నీళ్లలో ముంచుతాం కదా, పైకి తీశాక మెడ చుట్టూ చెమర్చిన నీళ్లు పూర్తిగా తుడిచాకే మూత తీయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అయినా అంతే, గది వేడిమికి వచ్చేదాకా ఆగాలి. కడగడానికి ఆల్కహాల్ వద్దు, మిథైల్ ఎసిటేట్ చాలు. బ్రోమైడ్, అయోడైడ్ ద్రావణాలకు ఒకే సిరంజి వాడితే హాలైడ్లు క్షణాల్లో చోటు మార్చుకుంటాయి, రంగు చెడుతుంది.

ఇది సీసంతో పని. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కడిగిన నీళ్లు సింకులో పోయొద్దు. వ్యర్థాల డబ్బాను మూత బిగించి గది లోపలే ఉంచండి. వరండాలో వదిలేస్తే వాననీళ్లు నిండి పొంగి, సీసం వీధి కాలువలోకి పోతుంది.