ఐస్‌క్రీమ్ యంత్రం లేకుండా మామిడి ఫ్రోజెన్ యోగర్ట్

మే, జూన్ నెలల్లో దామలచెరువు మండీకి మామిడి దిగేటప్పుడు చిత్తూరు ప్రాంతపు ఇళ్లలో పండ్లు మిగిలిపోవడం మామూలే. తోతాపురి గుజ్జు పరిశ్రమకు మంచిదే గాని, ఫ్రోజెన్ యోగర్ట్‌కు పీచు లేని బంగినపల్లి మేలని నా అభిప్రాయం.

రెండు కప్పుల ముక్కలను ఒకదానికొకటి అంటుకోకుండా పళ్లెంలో పరచి, ముందురోజు రాత్రే ఫ్రీజర్‌లో పెట్టాలి. అసలు కిటుకు పెరుగులో ఉంది: అందులోని నీరే గడ్డకట్టి పలుకులుగా నాలుకకు తగులుతుంది కనుక, పులవని గేదె పెరుగును పలుచని బట్టలో మూటగట్టి, రెండు గంటలు వేలాడదీసి, నీరు కారిపోయిన తరువాతే ఒక కప్పు కొలుచుకోవాలి. ఆ నీటిని పారబోయక చపాతీ పిండిలో కలుపుకోవచ్చు.

ముక్కలు, పెరుగు, రెండు చెంచాల తేనె, చిటికెడు ఉప్పు మిక్సీలో వేసి ఆపి ఆపి తిప్పాలి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి మిశ్రమం లస్సీ అవుతుంది. మొదట రవ్వలా విడివిడిగా కనిపించినా, అంచులకు అంటినదాన్ని గరిటెతో కిందికి దించి మళ్లీ తిప్పితే వెన్నలా కూడుకుంటుంది. తేనెను పూర్తిగా మానేయకూడదు, ఎందుకంటే ఆ తీపే మిశ్రమం రాయిలా బిగుసుకోకుండా కాపాడుతుంది. వెంటనే తినవచ్చు, గట్టిగా కావాలంటే మూతపెట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచాలి.